పూటకూళ్లిల్లు మ్యూజియం అయిన కథ

1923లో హెన్రీ ఫోర్డ్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక పాత పూటకూళ్లింటిని కొన్నాడు. డెట్రాయిట్ పక్కనున్న ఆయన కర్మాగారాల నుంచి అప్పటికి రోజూ వేల మోడల్-టి కార్లు బయటికొస్తున్నాయి. గుర్రబ్బండి కాలం రోడ్ల మీద నుంచి చెరిగిపోతున్నది ఆ కార్ల వల్లే. ఆ మార్పు తెచ్చిన మనిషే గుర్రబ్బండి కాలపు బస ఒకదాన్ని కొని, దాని చుట్టూ ఒక పాత లోకాన్ని మళ్లీ నిలబెట్టాలని పూనుకున్నాడు. అలా నిలబెట్టిందే సడ్‌బరీలోని వేసైడ్ ఇన్. అక్కడ అతిథులు భోంచేసి, రాత్రికి పడుకుని, పొద్దున్నే పిండిమరనూ పాత బడినీ చూడొచ్చు. ఇలాంటి చోట్లు నేడు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. తాళం వేసిన అద్దాల బీరువాల్లోంచి చరిత్రను బయటికి తెచ్చి దానికి మళ్లీ పని అప్పగించాలన్న ఆలోచన ఎలా పుట్టిందో ఈ ఇంటి కథ చెబుతుంది.

దారి పుట్టించిన ఇల్లు

బోస్టన్ నుంచి పడమరగా సుమారు 32 కిలోమీటర్లు వెళ్తే సడ్‌బరీ వస్తుంది. 1673లో న్యూయార్క్ నుంచి బోస్టన్‌కు తొలిసారిగా ఒక రౌతు టపా సంచులతో గుర్రం మీద బయల్దేరాడు. ఆ రాకపోకలతో అడవి బాట రానురాను రహదారి అయి, బోస్టన్ పోస్ట్ రోడ్డుగా పేరు తెచ్చుకుంది. దాని శాఖ ఒకటి సడ్‌బరీ మీదుగా పోయేది. డేవిడ్ హౌ అనే ఆయన 1700ల తొలి ఏళ్లలో ఆ దారి పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కింద ఒక గది, పైన ఒక గది, అంతే. దారిన పోయేవాళ్లు పొద్దుపోయాక తలుపు తట్టేవారు. 1716లో ఆయన బాటసారులకు బస, తిండి, పానీయం ఇవ్వడానికి అనుమతి పత్రం తీసుకున్నాడు. ఈ ఇంటి చరిత్రను ఆ ఏడాది నుంచే లెక్కపెడతారు.

కొడుకు ఎజెకియల్ 1746లో పెత్తనం తీసుకుని ఇంటిని పెంచాడు. రెడ్ హార్స్ టావర్న్, అంటే ఎర్ర గుర్రం పూటకూళ్లిల్లు అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో ఇలాంటి ఇల్లు అన్నానికీ నిద్రకూ మాత్రమే కాదు, ఊరి పనులన్నిటికీ కూడలి. వార్తలు ముందుగా చేరేది ఇక్కడికే, పశువుల బేరాలు కుదిరేదీ ఇక్కడే. ఊరి రక్షక దళం మనుషులు గుమిగూడేదీ ఈ వాకిట్లోనే. 1775 ఏప్రిల్ 19న బ్రిటిష్ సైన్యం కాంకర్డ్ మీదికి వచ్చిందని తెలిసినప్పుడు సడ్‌బరీ నుంచి కదిలిన దళానికి నాయకత్వం వహించిన వారిలో ఎజెకియల్ హౌ ఒకడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజు అది.

ఎజెకియల్ తర్వాత ఆడమ్, ఆయన తర్వాత లైమన్. నాలుగు తరాలు ఒకే కుటుంబం వచ్చినవాళ్లకు అన్నం పెడుతూ వచ్చింది. దారి ఎంత రద్దీగా ఉంటే ఇల్లు అంత పెరిగింది, గదికి గది జతపడింది. అయితే దారినే నమ్ముకున్న ఇంటికి దారి మారితే కష్టం. 1835లో బోస్టన్ నుంచి వూస్టర్‌కు రైలు పడింది. ఆ పట్టాలు సడ్‌బరీకి దక్షిణంగా ఫ్రేమింగ్‌హామ్ మీదుగా పోయాయి. గుర్రబ్బళ్ల మీద వచ్చే జనం తగ్గిపోయారు. 1861లో లైమన్ హౌ పెళ్లీ పిల్లలూ లేకుండానే చనిపోయాడు. ఇల్లు బంధువుల చేతికి వెళ్లి, పూటకూళ్ల పని ఆగిపోయింది. ఇలాంటి ఇళ్లు ఆ కాలంలో ఆ దారి పొడవునా ఎన్నో మూతపడ్డాయి. ఇదీ వాటిలో ఒకటిగా కూలిపోవాల్సిందే.

కవి ఇచ్చిన ఆయుష్షు

1862 అక్టోబర్ 31న హెన్రీ వాడ్స్‌వర్త్ లాంగ్‌ఫెలో అనే కవి, తన ప్రచురణకర్త జేమ్స్ ఫీల్డ్స్‌తో కలిసి ఈ ఇంటిని చూడటానికి వచ్చాడు. అమెరికాలో అప్పుడు ఆయనంత జనాదరణ ఉన్న కవి మరొకరు లేరు. కానీ ఆయన గుండె నిండా దుఃఖం. అంతకు ముందు ఏడాది జూలైలో భార్య ఫానీ బట్టలకు నిప్పంటుకుని చనిపోయింది. దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఆ మనసుతో ఆయన ఖాళీపడిన ఆ ఇంట్లో తిరిగాడు.

ఆ చూపులోంచి ఒక కథా చట్రం పుట్టింది. శరత్కాలపు రాత్రి కొందరు మిత్రులు పూటకూళ్లింట్లో కుంపటి ముందు కూర్చుని తలా ఒక కథ చెప్పుకుంటారు. ఆ మిత్రులు ఊహ కాదు, లాంగ్‌ఫెలో ఎరిగిన మనుషులే. నార్వే వయొలిన్ విద్వాంసుడు ఓలె బుల్ అందులో సంగీతకారుడు. సిసిలీ నుంచి వచ్చిన లుయిజీ మొంటి, దాంతేను అనువదించిన కవి థామస్ పార్సన్స్, బోస్టన్‌లో ఉంటున్న యూదు వర్తకుడు ఇజ్రాయెల్ ఎద్రేహీ కూడా అందులో ఉన్నారు. ఇల్లు గలాయన లైమన్ హౌ. కవి ఆ ఇంటికి వచ్చేనాటికే ఆయన కాలం చేసినా, కవితలో మాత్రం మొదటి కథ చెప్పేది ఆయనే. అది బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి బయల్దేరిన పాల్ రెవీర్ అర్ధరాత్రి గుర్రపు స్వారీ కథ. 1863లో ఈ పుస్తకం ‘టేల్స్ ఆఫ్ ఎ వేసైడ్ ఇన్’ పేరుతో వచ్చింది. ముందు దానికి సడ్‌బరీ పేరే పెట్టాలనుకున్న కవి, మిత్రుడు చార్ల్స్ సమ్నర్ మాట మీద మార్చుకున్నాడు.

పుస్తకం చదివినవాళ్లు ఆ ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చారు. అంతకుముందు జనాన్ని తెచ్చింది రోడ్డు, ఇప్పుడు తెస్తున్నది పుస్తకం. ఈ తేడాను కనిపెట్టినవాడు ఎడ్వర్డ్ రివర్స్ లెమన్. ఉన్ని వ్యాపారి, పాత వస్తువులంటే ఇష్టమున్నవాడు. 1897లో ఆ ఇల్లు కొని, లాంగ్‌ఫెలో వేసైడ్ ఇన్ అని కొత్త పేరు పెట్టి, గదుల నిండా పాత సామాను సర్ది, సాహిత్యాభిమానులకు విడిదిగా తెరిచాడు. కవిత ఇంటి పేరు పెట్టుకోలేదు, ఇల్లే కవిత పేరు పెట్టుకుంది. 1919లో లెమన్ చనిపోయాక ఆయన భార్య కోరా నాలుగేళ్లు దాన్ని కాపాడి, చివరికి ఫోర్డ్‌కు అమ్మింది.

కోర్టు బోనులోంచి వచ్చిన ఆలోచన

ఫోర్డ్‌కు ఈ ఇల్లు ఎందుకు? సమాధానం ఒక కోర్టు కేసులో ఉంది. 1916లో షికాగో ట్రిబ్యూన్ పత్రికతో మాట్లాడుతూ ఫోర్డ్ చరిత్ర అంటే చాలావరకు పనికిరాని సరుకేనన్న అర్థం వచ్చేలా అన్నాడు. అదే ఏడాది ఆ పత్రిక ఆయన్ను అరాచకవాదిగా చిత్రిస్తూ రాస్తే ఆయన పరువు నష్టం దావా వేశాడు. 1919 వేసవిలో మిషిగన్‌లోని మౌంట్ క్లెమెన్స్‌లో విచారణ జరిగింది. పత్రిక న్యాయవాదులు ఆయన్ను బోనెక్కించి బడిపిల్లవాణ్ని అడిగినట్టు చరిత్ర ప్రశ్నలు అడిగారు. అమెరికా విప్లవం ఎప్పుడు జరిగిందో కూడా ఆయన సరిగా చెప్పలేకపోయాడు. తీర్పు ఆయన వైపే వచ్చింది, కానీ జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారం ఆరు సెంట్లు. దేశమంతా ఆ విచారణను చదివింది.

ఆ అవమానం ఆయన్ను చరిత్రకు దూరం చేయలేదు, చరిత్రను మరో వైపు నుంచి చూడమని తొందరపెట్టింది. తాను కాదన్నది రాజులూ యుద్ధాలూ తేదీలతో నిండిన పుస్తకాల చరిత్రనేనని ఆయన వాదన. రైతు నాగలి ఎలా ఉండేది, ఇల్లాలు దీపం ఎలా వెలిగించేది, గింజ పిండిగా ఎలా మారేది అన్న సంగతులు ఆ పుస్తకాల్లో లేవు. వాటిని రాసి చెప్పడం కన్నా చూపించి చెప్పాలనుకున్నాడు. 1919లోనే డియర్‌బోర్న్‌లో తాను పుట్టిన ఇంటిని రోడ్డు పనులకు అడ్డం రాకుండా పక్కకు జరిపించి, చిన్ననాటి పింగాణీ, పొయ్యి, కుర్చీలు వెతికించి మునుపటిలా సర్దించాడు. అది ఆయన తొలి ప్రయోగం. సడ్‌బరీ ఇల్లు అంతకన్నా చాలా పెద్ద ప్రయోగం.

ఆరుబయట మ్యూజియం అన్న ఊహ లోకానికి పూర్తిగా కొత్త కాదు. స్వీడన్‌లో ఆర్టర్ హాజీలియస్ 1891లోనే స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ తెరిచి, దేశం నలుమూలల నుంచి పల్లె ఇళ్లను తెచ్చి నిలబెట్టాడు. అమెరికాలో అంత పెద్ద ఎత్తున అలాంటి పని ఇంకా మొదలుకాలేదు. ఫోర్డ్ ఒక అడుగు ముందుకేసి, అలాంటి చోటుకు నడుస్తున్న పూటకూళ్లింటిని గుండెకాయగా పెట్టాడు.

కట్టిన పాతకాలం

ఫోర్డ్ మొదట చుట్టూ ఉన్న భూమి కొన్నాడు. ఇంటితో పాటు వచ్చింది కొన్ని పదుల ఎకరాలే, అది చివరికి రెండున్నర వేల ఎకరాలు దాటింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇంటిని ఒక్కదాన్నే కాపాడితే కిటికీలోంచి కనిపించేది పెట్రోలు బంకూ ప్రకటన బోర్డులూ. పొలాలు, వాగు, చెట్లు కూడా దక్కితేనే ఇంటికి అర్థం ఉంటుంది.

ఆ తర్వాత రోడ్డు సంగతి చూశాడు. కార్ల రద్దీకి ఇల్లు అదురుతోందని, పోస్ట్ రోడ్డును ఇంటి ముందు నుంచి తప్పించి దూరంగా కొత్త దారి వేయించాడు. దానికి సొమ్ము ఆయనే పెట్టుకున్నాడు. 1928 నుంచి వాహనాలు అటు మళ్లాయి. మనుషులను రోడ్డెక్కించిన ఫోర్డే ఇక్కడ రోడ్డును దూరం జరిపాడు. రెండు వందల ఏళ్ల కిందట దారి కోసం పుట్టిన ఇల్లు బతకాలంటే దారి నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత కట్టడాలు వచ్చాయి. ‘మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లామ్’ పాట మన ఊళ్ల ఇంగ్లిష్ మీడియం బళ్లలోనూ పిల్లలకు కంఠస్థమే. సేరా జొసెఫా హేల్ ప్రచురించిన ఆ పాటలోని మేరీ, మసాచుసెట్స్‌లోనే స్టెర్లింగ్ ఊరి మేరీ సాయర్ అని స్థానికుల నమ్మకం. ఆమె చదివిందని చెప్పే బడి కలపను తెప్పించి, 1920ల నడుమ ఎర్ర రంగు బడిని ఇక్కడ నిలబెట్టాడు. మేరీ గొర్రెపిల్ల కథ మీద వాదాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఆ బడిని తాళం వేసి చూపే వస్తువుగా ఉంచకపోవడం మాత్రం వాదం లేని గొప్ప సంగతి. చుట్టుపక్కల పిల్లలు చిన్న తరగతులు నిజంగానే అందులో చదువుకున్నారు. 1951 దాకా ఆ గంట మోగింది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పిండిమర. జలచక్రాల పని తెలిసిన ఇంజనీరు జాన్ బ్లేక్ క్యాంప్‌బెల్ దాన్ని రూపొందించాడు. అక్కడి పొలాల్లో ఏరిన రాళ్లతో గోడలు కట్టారు. పైనుంచి కాలువ నీళ్లు చక్రం మీద పడతాయి. ఆ బరువుకు చక్రం తిరుగుతుంది, లోపల కొయ్య పళ్ల చక్రాలు ఆ తిప్పుడును తిరగలి రాళ్లకు అందిస్తాయి. పై రాయి తిరుగుతుంది, కింద రాయి కదలదు. నడుమ పడిన గోధుమ, మొక్కజొన్న గింజ వేడెక్కకుండా నలిగి పిండవుతుంది. 1929లో ఈ మర విసరడం మొదలుపెట్టింది. ఆ పిండితోనే పూటకూళ్లింట్లో రొట్టెలు కాల్చారు. 1950, 60లలో పెప్పరిడ్జ్ ఫామ్ అనే రొట్టెల సంస్థ తన పిండిని ఇక్కడ విసిరించుకుంది. ఆ సంస్థ గుర్తులో కనిపించేది ఈ మర బొమ్మే. కట్టడం పాతది కాదు, చేసే పని పాతది. గింజ పిండయ్యే తీరును చేత్తో ముట్టుకుని తెలుసుకునే వీలు ఇక్కడుంది.

1938లో న్యూ ఇంగ్లండ్‌ను పెనుతుఫాను ముంచెత్తి ఈ పొలాల్లో చెట్లను కూల్చింది. ఆ కలపను కోయించి ఫోర్డ్ 1940 నాటికి తెల్లటి ప్రార్థనాలయం కట్టించాడు. తన తల్లి మేరీ పేరూ, భార్య క్లారా తల్లి మార్తా పేరూ కలిపి మార్తా మేరీ చాపెల్ అన్నాడు. 1928లో ఆధారం లేని కుర్రాళ్లకు చేతిపనులు నేర్పే బడి కూడా పెట్టాడు. అది 1947 దాకా నడిచింది.

పాత నాట్యాలంటే ఫోర్డ్‌కు ప్రాణం. ఇక్కడికి వచ్చిన కొత్తలోనే బెంజమిన్ లోవెట్ అనే నాట్యాచార్యుడి పని చూసి, ఆయన్ను డియర్‌బోర్న్‌కు తీసుకెళ్లి పాత జానపద నృత్యాలను దేశమంతా మళ్లీ నేర్పించాడు. 1924 ఆగస్టులో ఆవిష్కర్త ఎడిసన్, టైర్ల తయారీదారు ఫైర్‌స్టోన్ ఈ ఇంటికి వచ్చారు. ఇక్కణ్నుంచి ఫోర్డ్‌తో కలిసి ముగ్గురూ వెర్మాంట్ వెళ్లి అధ్యక్షుడు కూలిడ్జ్‌ను కలిశారు. కూలిడ్జ్ తన పూర్వీకులు మేపుల్ చెట్ల పాలు పట్టిన కొయ్య బొక్కెనను ఫోర్డ్‌కు కానుకగా ఇచ్చాడు. ఆ బొక్కెన వేసైడ్ ఇన్ సొత్తు అయింది.

సడ్‌బరీలో నేర్చుకున్న పాఠాలతోనే డియర్‌బోర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ తయారైంది. విద్యుద్దీపం వెలిగి యాభై ఏళ్లయిన సందర్భంగా 1929 అక్టోబర్ 21న ఎడిసన్, అధ్యక్షుడు హూవర్ సమక్షంలో దాన్ని అంకితం చేశారు. వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ పట్టణాన్ని కాపాడాలనుకున్న పాదరీ గుడ్విన్ కూడా ముందు ఫోర్డ్ కుటుంబాన్నే ఆశ్రయించి, అక్కడ లాభం లేక 1926లో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ సాయం పొందాడు.

చెప్పి తీరాల్సిన సంగతి

ఈ కథలో ఒక చీకటి మూల ఉంది. అదే 1920లలో ఫోర్డ్ సొంత పత్రిక డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ యూదుల మీద విషం కక్కుతూ వ్యాసాలు వేసింది. ఆయన ప్రేమగా కొన్న ఇంటికి పేరు తెచ్చిన కవితలో మాత్రం కుంపటి ముందు కథ చెప్పేవాళ్లలో ఒక యూదు వర్తకుడు సమానంగా కూర్చున్నాడు. ఫోర్డ్‌కు పాత కుర్చీలూ బల్లలూ వెతికి అమ్మిన బోస్టన్ వ్యాపారి ఇజ్రాయెల్ శాక్ కూడా లిథువేనియా నుంచి వచ్చిన యూదుడే. గతాన్ని కట్టేవాడు తన మనసులో ఉన్న గతాన్నే కడతాడు. ఎవరికి చోటిచ్చారో చూడటంతో పాటు ఎవరికి ఇవ్వలేదో అడగడం కూడా సందర్శకుడి పని.

మంట తర్వాత

ఫోర్డ్ తన చివరి ఏళ్లలో ఈ ఆస్తిని లాభాపేక్ష లేని సంస్థ కిందికి తెచ్చాడు. 1947లో ఆయన చనిపోయాడు. 1955 డిసెంబర్‌లో, క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందు, గడ్డకట్టే చలి రాత్రి ఇంటికి నిప్పంటుకుంది. చాలా భాగం కాలిపోయింది, ముందు వైపు పాత గదుల్లో కొన్ని మిగిలాయి. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో తిరిగి కట్టి 1958లో తెరిచారు. ఇప్పుడు అతిథులకు పది గదులున్నాయి. పాత మద్యం గదిలో తల తగిలేంత కిందికి దూలాలుంటాయి, అమ్మకపు బల్లకు కొయ్య కటకటాలుంటాయి. 1774లో ఒక అతిథి గీసిన పద్యం ఉన్న కిటికీ అద్దాన్ని భద్రపరిచారు. లాంగ్‌ఫెలో తన కవితలో ప్రస్తావించింది ఆ అద్దాన్నే. పడక గదుల సొరుగుల్లో, దూలాల సందుల్లో అతిథులు తమ తర్వాత వచ్చేవాళ్లకు ఉత్తరాలు దాచి వెళ్లడం ఒక ఆనవాయితీ.

బోస్టన్ పడమటి శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆష్‌లాండ్ లక్ష్మీదేవి గుడికి వెళ్లేవాళ్లకు సడ్‌బరీ పెద్ద దూరం కాదు. పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చే తల్లిదండ్రులను తీసుకెళ్లదగిన చోటిది. తిరగలి తిప్పి పెరిగిన అమ్మమ్మలకు ఆ మర దగ్గర మనవలతో చెప్పుకోవడానికి చాలా ఉంటుంది.

మన దారిలో

ఇదంతా చదివినప్పుడు మనకు మన పూటకూళ్లిళ్లు గుర్తు రాకుండా ఉండవు. కాకతీయుల ఓరుగల్లులో తిరిగిన ఇద్దరు మిత్రుల కథ ‘క్రీడాభిరామం’. ఒక రూక ఇస్తే లక్ష్మణవజ్ఝల ఇంట్లో గోధుమ పిండివంట, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగుతో భోజనం దొరికేదని అందులో ఉంది. ధరతో సహా వడ్డన అంతా మిగిలింది, ఆ ఇల్లు లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లొస్తూ మజిలీ మజిలీకీ సత్రం ఎలా ఉంది, నీళ్లెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది అని రాసుకున్నారు. కడప, హైదరాబాదు మీదుగా సాగిన ఆ ‘కాశీయాత్ర చరిత్ర’లో మన దారుల పటమంతా ఉంది.

సడ్‌బరీలో ముందు పుస్తకం వచ్చింది, దాని వెంట కాపలాదారులొచ్చారు. మన పుస్తకాలు ఎప్పుడో వచ్చేశాయి, కాపలాదారులే రావాలి. వీరాస్వామయ్య దారిలో గోడలు మిగిలిన పాత సత్రం ఒక్కటి దొరికినా చాలు. దాన్ని బాగుచేసి, ఆ ఊరి తిరగళ్లూ గానుగలూ మగ్గాలూ పక్కన చేర్చి, వాటిని తిప్పగలిగిన ఊరివాళ్లకే జీతమిచ్చి, వచ్చినవాళ్లకు ఆ పూట అక్కడ పండిన జొన్నతో అన్నం పెట్టాలి. చుట్టూ పొలం కొంత కాపాడాలి, రోడ్డును కొంచెం దూరంగా మళ్లించాలి. ఇందుకు ఫోర్డ్ అంత సంపద అక్కర్లేదు. ఒక పంచాయతీ, ఒక కళాశాల, ఊరు వదిలి వెళ్లినా మరిచిపోని నాలుగు కుటుంబాలు కలిస్తే మొదలుపెట్టగల పని ఇది. పాత ఇంటిని నిలబెట్టేది వాడుక, చూడటానికి వచ్చినవాళ్లు కూర్చుని తిని వెళ్లినన్నాళ్లూ అది ఇల్లుగానే ఉంటుంది.